కేటీఎం 390 డ్యూక్, ట్రయంఫ్ స్పీడ్ 400: ఏది ఎవరి ఒంటికి కుదురుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో 400 సీసీ తరగతి బండి కొనాలనుకునేవారిలో చాలామంది చివరికి ఈ రెండింటి మధ్యే ఊగిసలాడుతున్నారు. రెండూ 2023లో కొద్ది నెలల తేడాతో మన దేశంలో విడుదలయ్యాయి, రెండింటి ఇంజనూ 398 సీసీ సింగిల్ సిలిండరే, రెండూ బజాజ్ సంస్థ తయారు చేస్తున్నవే. ఇంజను శక్తి గురించి, ధర గురించి చెప్పేవారు కావలసినంత మంది ఉన్నారు. మోకాలు, మణికట్టు, నడుము గురించి వచ్చే సందేహాలు మాత్రం తీరకుండా మళ్లీ మళ్లీ వస్తున్నాయి. వాటికి జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాం. కింద ఇచ్చిన కొలతలు 2023లో వచ్చిన తరానికి చెందినవి.

## బండి చూడటానికి వెళ్లే ముందు

నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. డ్యూక్ మీద నా కాళ్లు నేలకు ఆనుతాయా?

ఆనుతాయి, కానీ మడమలతో సహా కాదు. డ్యూక్ సీటును 800 మిల్లీమీటర్లు, 820 మిల్లీమీటర్లు అనే రెండు ఎత్తుల్లో అమర్చుకునే వీలుంది. తక్కువ ఎత్తులో పెట్టించుకుంటే మీ ఎత్తున్న చాలామందికి రెండు పాదాల ముందు భాగాలు నేలను తాకుతాయి, లేదా కొద్దిగా ఒక పక్కకు జరిగి కూర్చుంటే ఒక పాదం పూర్తిగా ఆనుతుంది. సిగ్నల్ దగ్గర బండిని నిలబెట్టుకోవడానికి అది సరిపోతుంది. షోరూంలో నిలబెట్టిన బండి సీటు ఏ ఎత్తులో ఉందో ముందుగా అడిగి తెలుసుకోండి. 820లో ఉన్న బండి ఎక్కి చూసి, ఇది నాకు పనికిరాదనుకుని వెనుదిరిగేవారు ఉన్నారు.

స్పీడ్ 400 సీటు 790, డ్యూక్ సీటు 800. పది మిల్లీమీటర్ల తేడాకు ఇంత చర్చ ఎందుకు?

ఆ అంకె ఒక్కదానితో ఏదీ తేలదు కాబట్టే చర్చ. సీటు ఎత్తు అంటే ఎవరూ కూర్చోనప్పుడు నేల నుంచి సీటు మధ్య భాగం దాకా ఉన్న దూరం. మీరు కూర్చోగానే మూడు విషయాలు ఆ లెక్కను మారుస్తాయి. మొదటిది సీటు వెడల్పు: తొడల మధ్య సీటు ఎంత వెడల్పుగా ఉంటే కాళ్లు అంత పక్కకు చాపవలసి వస్తుంది, ఆ మేరకు నేల దూరమవుతుంది. రెండవది మీ బరువు: 55 కిలోల మనిషి కూర్చుంటే సస్పెన్షన్ కొద్దిగానే కుంగుతుంది, 85 కిలోల మనిషి కూర్చుంటే బాగా కుంగుతుంది, కాబట్టి ఒకే ఎత్తున్న ఇద్దరికి ఒకే బండి రెండు రకాలుగా అనిపిస్తుంది. మూడవది ఫుట్‌పెగ్‌లు, అంటే పాదాలు పెట్టుకునే కడ్డీలు, ఉన్న చోటు: కాలు కిందికి దించినప్పుడు పెగ్ పిక్కకు అడ్డం వస్తే పాదం మరికాస్త దూరంగా పెట్టవలసి వస్తుంది. సన్నగా ఉండేవారు డ్యూక్ మీద అనుకున్నదానికంటే ఎత్తులో కూర్చున్నట్టు భావించడానికి రెండవ కారణమే ముఖ్యం.

ఇంట్లోనే కాలి కొలత ఎలా తీసుకోవాలి?

బండి మీద వేసుకునే బూట్లే వేసుకుని గోడకు వీపు ఆనించి నిలబడండి. ఒక గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడితో పైకి లాగి, దాని పై అంచు గోడను తాకిన చోట పెన్సిలుతో గీత పెట్టండి. నేల నుంచి ఆ గీత దాకా ఉన్నదే మీకు కావలసిన కొలత; మొత్తం ఎత్తు కంటే ఇదే నమ్మదగినది, ఎందుకంటే ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరి కాళ్లు, మరొకరి మొండెం పొడవుగా ఉండవచ్చు. ఆ కొలత 78 సెంటీమీటర్లు దాటితే ఈ రెండు బండ్లలో ఏదీ మీకు ఎత్తు సమస్య కాబోదు. 74కు తక్కువైతే రెండింటినీ ఎక్కి చూడకుండా అడ్వాన్సు కట్టకండి.

బరువులో ఎనిమిది కిలోల తేడా చేతికి తెలుస్తుందా?

నడిపేటప్పుడు తెలియదు, తోసేటప్పుడు తెలుస్తుంది. పెట్రోలుతో కలిపి డ్యూక్ సుమారు 168 కిలోలు, స్పీడ్ 400 సుమారు 176 కిలోలు ఉంటాయి. డ్యూక్ ట్యాంకులో 15 లీటర్లు, స్పీడ్ ట్యాంకులో 13 లీటర్లు పడతాయి. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో, వాలుగా ఉన్న పార్కింగులో, బండిని వెనక్కి లాగవలసి వచ్చినప్పుడు మాత్రం కిలోల కంటే పాదం నేల మీద ఎంత గట్టిగా నిలుస్తుందన్నదే ముఖ్యం. అందుకే పొట్టివారికి, బరువు ఎక్కువైనా స్పీడ్ 400నే సులువుగా తోయగలిగినట్టు అనిపించవచ్చు.

నేను ఆరడుగులు. రెండింటిలో ఏది ఇరుకుగా ఉండదు?

డ్యూక్ సీటును 820లో పెట్టించుకోండి. సీటు పెరిగితే పెగ్‌కు, సీటుకు మధ్య దూరం పెరిగి మోకాలి మడత తగ్గుతుంది. స్పీడ్ 400లో కూర్చునే స్థలం సరిపడా ఉన్నా, సీటు ఎత్తు తక్కువ కావడంతో పొడవాటి కాళ్లవారికి గంట తర్వాత మోకాళ్లు మొరాయిస్తాయి. పొడవైనవారు పాత డ్యూక్ నడిపిన జ్ఞాపకంతో దీన్ని తోసిపుచ్చకూడదు, ఈ తరంలో సీటు మీద చోటు పెరిగింది.

## షోరూంలో, టెస్ట్ రైడ్‌లో

షోరూంలో ఐదు నిమిషాలు కూర్చుంటే తెలిసిపోదా?

తెలియదు. షోరూంలో మెత్తగా తోచే సీటు గంట తర్వాత అలాగే ఉండదు. బాగా మెత్తని ఫోమ్ నెమ్మదిగా కుంగి, కూర్చున్న ఎముకలు అడుగున ఉన్న గట్టి పలకను తాకే దాకా వస్తుంది. ఐదు నిమిషాల్లో తెలిసేవి రెండే: పాదం ఆనుతుందా లేదా, హ్యాండిల్ అందుతుందా లేదా.

ఆ రెండింటినీ సరిగ్గా చూడటానికి ఒక పద్ధతి ఉంది. స్టాండు తీసి, ఒకరిని బండి పట్టుకోమని చెప్పి, రెండు కాళ్లూ పెగ్‌ల మీద పెట్టండి. కళ్లు మూసుకుని చేతులు మీకు హాయిగా ఉన్న చోటికి ముందుకు చాపండి. కళ్లు తెరిచి చూస్తే మీ చేతులకు, హ్యాండిల్ పట్టుకునే చోటుకు ఎంత దూరం ఉందో తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు వంగవలసి వస్తే ఆ బరువును రోజూ మీ మణికట్లే మోస్తాయి. డ్యూక్ మీద నడుము కొద్దిగా ముందుకు వాలుతుంది, పాదాలు కొంచెం వెనక్కి, పైకి ఉంటాయి. స్పీడ్ 400 మీద వీపు దాదాపు నిటారుగా ఉంటుంది, పాదాలు కూడా మరీ వెనక్కి పోవు. రెండింటి హ్యాండిళ్లూ వెడల్పైనవే.

ఆ తర్వాత స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పి చూడండి. కుడివైపు తిప్పినప్పుడు ఎడమ చేయి పూర్తిగా చాచుకుపోయి మోచేయి బిగుసుకుంటే, ఘాట్ రోడ్డు మీద ముడి మలుపు తిరిగేటప్పుడు సరిగ్గా అవసరమైన క్షణంలో క్లచ్ మీద వేళ్ల పట్టు తప్పుతుంది. పొట్టి చేతులున్నవారు దీన్ని తప్పకుండా చూడాలి. ఈ పరీక్షను షోరూంలో ఎవరూ మీకు గుర్తు చేయరు.

టెస్ట్ రైడ్ ఏ దారిలో తీసుకోవాలి?

రేణిగుంట రోడ్డు మీద తిన్నగా వెళ్లి తిన్నగా వచ్చే రైడ్ వల్ల ఇంజను శబ్దం తప్ప మరేమీ తెలియదు. లీలామహల్ సర్కిల్ వంటి రద్దీ కూడలి, నాలుగైదు స్పీడ్ బ్రేకర్లు, ఒక ఇరుకు యూ టర్న్, కాస్త వేగం అందుకోగల బైపాస్ ముక్క, ఇవన్నీ కలిసేలా అడగండి. వీలైతే రెండు బండ్లనూ ఒకే రోజు, ఒకే దారిలో నడపండి. మొదటి బండి నుంచి దిగగానే ఒళ్లు ఎక్కడ పట్టేసిందో చిన్న కాగితం మీద రాసుకోండి, రెండో బండి ఎక్కాక మొదటిదాని సంగతి గుర్తుండదు.

చెప్పులతో నడిపి చూడవచ్చా?

వద్దు. చెప్పు అడుగు పలచన, బూటు అడుగు మందం. రెండింటికీ నేల అందే తీరులోనూ, గేర్ లివరు కింద వేలు దూరే తీరులోనూ తేడా ఉంటుంది. మన వైపు అయ్యప్ప మాల, గోవింద మాల వేసుకున్న రోజుల్లో వట్టి కాళ్లతో నడిపేవారు ఎందరో ఉన్నారు. వారి భక్తిని తప్పుపట్టడం లేదు గాని, ఆ నలభై రోజులకు ఇంట్లో ఉన్న స్కూటరే మేలు; గేరు బండి లివరు, పెగ్ పళ్లు వట్టి పాదం కోసం తయారైనవి కావు.

ఇన్ని మాటలెందుకు, నాకు ఏది సరిపోతుందో ఒక్క ముక్కలో చెప్పండి.

ఐదడుగుల ఏడంగుళాల లోపు ఎత్తు, రోజూ ఊళ్లో తిరుగుడు, వెనక ఎవరో ఒకరు కూర్చోవడం ఖాయమైతే స్పీడ్ 400. అంతకంటే పొడవుండి, ఎక్కువగా ఒంటరిగా, మలుపుల రోడ్లమీద నడిపేవారైతే డ్యూక్. మణికట్టుకో నడుముకో ఇప్పటికే బాధ ఉన్నవారికి ఎత్తుతో నిమిత్తం లేకుండా స్పీడ్ 400నే సూచిస్తాం.

## కొన్న తర్వాత సర్దుబాట్లు

అరగంట నడిపేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. బండి లోపమా?

చాలా సందర్భాల్లో లోపం బండిది కాదు, క్లచ్, బ్రేకు లివర్ల కోణానిది. డెలివరీ ఇచ్చేటప్పుడు లివర్లను అందరికీ ఒకే కోణంలో బిగించి ఇస్తారు. మీరు మామూలుగా కూర్చుని, వేళ్లు చాపితే ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉంటూ లివరు మీదికి చేరాలి. లివరు మరీ పైకి ఉంటే దాన్ని అందుకోవడానికి మణికట్టు వెనక్కి విరుస్తారు. అలా విరిచిన మణికట్టుతో రద్దీలో వందసార్లు క్లచ్ నొక్కితే నరం ఒత్తుకుని తిమ్మిరి మొదలవుతుంది. క్లాంప్ బోల్టును వదులు చేసి లివరును కొద్దిగా కిందికి తిప్పి మళ్లీ బిగించడం పది నిమిషాల పని. లివరు వేళ్లకు దూరంగా ఉంటే దాన్ని దగ్గరకు జరుపుకునే సర్దుబాటు డ్యూక్‌లో ఉంది. స్పీడ్ 400లో ఆ వసతి 2024లో చేసిన మార్పులతో వచ్చింది, అంతకు ముందరి బండ్లలో లేదు.

రెండో కారణం పట్టు. మోకాళ్లతో ట్యాంకును పట్టుకోకపోతే బ్రేకు వేసిన ప్రతిసారీ ఒళ్లు ముందుకు జారి, ఆపే భారం చేతుల మీద పడుతుంది. హ్యాండిల్ పట్టు ఎంత సడలితే తిమ్మిరి అంత తగ్గుతుంది. మోచేతులు కొద్దిగా వంగి ఉన్నాయో లేదో మధ్యమధ్యలో చూసుకోండి.

ఈ రెండూ చేశాక కూడా తగ్గకపోతే హ్యాండిల్‌బార్‌నే క్లాంపులో కొద్దిగా మీవైపు తిప్పించుకోవచ్చు. ముందుగా పాత స్థానంలో టేపు ముక్క అంటించి గుర్తు పెట్టించండి. తిప్పిన తర్వాత స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, కేబుళ్లు, బ్రేకు గొట్టం లాగుకుపోవడం లేదని, స్విచ్చులు ట్యాంకుకు తగలడం లేదని చూసుకోండి. రాత్రిపూట కూడా, బండి మీద లేనప్పుడు కూడా వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మెకానిక్కును కాదు, డాక్టరును కలవాలి.

సస్పెన్షన్‌లో మార్పులు చేయించి బండి ఎత్తు తగ్గించుకోవచ్చా?

మేము వద్దనే చెబుతాం, ముఖ్యంగా స్పీడ్ 400కు. దాని కింద నేలకు ఉన్న ఎడం 158 మిల్లీమీటర్లే. డ్యూక్‌కు 183 ఉంది. వెనక భాగం మాత్రమే దిగితే ముందు భాగం లేచినట్టయి స్టీరింగు బరువెక్కుతుంది, సైడ్ స్టాండు పొడవుగా మిగిలి బండి సరిగ్గా వాలక నిలబడుతుంది. సీటు కుట్టేవారి దగ్గర తొడల మధ్య వచ్చే ఫోమ్ అంచులను సన్నగా చెక్కించుకోవడం మెరుగైన మార్గం. ఎత్తు తగ్గకపోయినా కాళ్లు తిన్నగా దిగుతాయి.

నడుము నొప్పి వస్తోంది. సీటు మార్చాలా, సస్పెన్షన్ చూడాలా?

నొప్పి ఎప్పుడు వస్తుందో గమనించండి. గుంత పడినప్పుడల్లా వెన్నులో కుదుపు తగిలితే సస్పెన్షన్, నున్నటి రోడ్డు మీద కూడా గంటకల్లా నొప్పి మొదలైతే కూర్చునే తీరు లేదా సీటు. డ్యూక్‌లో ముందు ఫోర్కులకు కంప్రెషన్ (కుంగే వేగం), రీబౌండ్ (తిరిగి లేచే వేగం), వెనక ప్రీలోడ్ (స్ప్రింగును ముందుగా బిగించే మేర), రీబౌండ్ సర్దుబాట్లు ఉన్నాయి. రెండు చక్రాలకూ 150 మిల్లీమీటర్ల కదలిక ఉంది. స్పీడ్ 400లో ముందు 140, వెనక 130 ఉన్నాయి, సర్దుబాటు వెనక ప్రీలోడ్‌కు మాత్రమే. సర్దుబాటు చేసేటప్పుడు ఒకసారికి ఒక్క మరనే, ఒకటి రెండు క్లిక్కులే తిప్పి, అదే రోడ్డు మీద మళ్లీ నడిపి చూడండి. అన్నీ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో తెలియదు. స్పీడ్ 400 పాత సీటు గట్టిగా ఉందన్నవారికి ఒక మాట: 2024 మార్పుల్లో సీటు ఫోమ్ మందం పెంచారు.

గేరు వేసేటప్పుడు మడమ ఎత్తవలసి వస్తోంది.

గేర్ లివరు మీ బూటుకు ఎత్తుగానో, పల్లంగానో ఉంది. లివరుకు ఉన్న లింకు కడ్డీని తిప్పి కోణం మార్చమని సర్వీసు సెంటరులో అడగండి.

## ఘాట్ రోడ్డు మీద, దూరప్రయాణంలో

తిరుమల ఘాట్ దిగేటప్పుడు ఒంటి బరువంతా చేతుల మీదికి వచ్చేస్తోంది. ఏ బండి మేలు?

దిగేటప్పుడు స్పీడ్ 400 మేలు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు దిగే దారి, అందులో ముడి మలుపులు ఎక్కువ. ఎక్కే దారి తర్వాత వేసింది, మలుపులు కాస్త విశాలంగా ఉంటాయి. వాలులో బండి ముక్కు కిందికి ఉండటంతో ఏ బండి మీదైనా ఒళ్లు ముందుకు జారుతుంది. డ్యూక్ మీద అసలే ముందుకు వాలి కూర్చుంటారు కాబట్టి మణికట్ల మీద బరువు మరింత పడుతుంది.

అయితే నడిపే తీరు మార్చుకుంటే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. రెండో గేరులో, యాక్సిలరేటరు వదిలి ఇంజనే వేగాన్ని తగ్గించేలా (ఇంజను బ్రేకింగు) దిగండి, సీటులో ఒక బెత్తెడు వెనక్కి జరిగి కూర్చోండి, మోకాళ్లతో ట్యాంకును బిగించి పాదాలతో పెగ్‌లను నొక్కండి. డ్యూక్ పెగ్‌లు ఎత్తుగా, వెనక్కి ఉండటం ఇక్కడ పనికొస్తుంది, తొడలతో పట్టు సులువుగా దొరుకుతుంది. ఆ దారిలో వేగానికి పరిమితి, ప్రయాణానికి కనీస సమయం రెండూ ఉన్నాయి కాబట్టి తొందరపడి లాభమేమీ లేదు. భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ దిగేటప్పుడూ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ లారీలుంటాయి.

బెంగళూరు వెళ్లేటప్పుడు గాలికి మెడ, భుజాలు లాగేస్తున్నాయి.

రెండింటికీ గాలి అద్దం లేదు, కాబట్టి గంటకు 90 కిలోమీటర్లు దాటాక గాలి ఛాతీని వెనక్కి తోస్తుంది, మీరు హ్యాండిల్ పట్టుకుని వేలాడినట్టవుతుంది. ఆ వేగంలో డ్యూక్ మీద ముందుకు వాలిన తీరు గాలికి ఎదురు నిలిచి ఒంటికి సాయపడుతుంది. ఊళ్లో హాయిగా ఉన్న స్పీడ్ 400 నిటారు భంగిమ పలమనేరు దాటాక అలసట తెస్తుంది. 250 కిలోమీటర్ల దారిలో గంటకొకసారి దిగి నడవండి. చిన్న గాలి అద్దం పెట్టించుకుంటే గాలి ఛాతీ నుంచి తప్పుకుని హెల్మెట్‌కు తగిలి హోరెత్తించవచ్చు, అందుకే కొనే ముందు మీ ఎత్తున్న వారి బండి మీద చూసుకోండి.

ఎండాకాలంలో కాళ్లకు సెగ తగులుతోంది.

రెండూ లిక్విడ్ కూల్డ్ ఇంజన్లే. నిలబడి ఉన్నప్పుడు ఫ్యాను తిరిగి రేడియేటరు వేడిని మీ మోకాళ్ల వైపే తోస్తుంది. మే నెలలో తిరుపతి రోడ్డు సెగ దీనికి తోడవుతుంది. బిగుతు జీన్సు కంటే కాస్త వదులైన మందపాటి ప్యాంటు నయం, చీలమండ దాటిన బూట్లు తప్పనిసరి. సిగ్నల్ పొడవైనదైతే ఇంజను ఆపేయండి.

## వెనక కూర్చునేవారు

అమ్మ చీరతో ఒకవైపు కూర్చుంటుంది. ఏ బండి వీలు?

స్పీడ్ 400. దాని సీటు రెండు మెట్లున్న ఒకటే ముక్క, వెనక భాగం పెద్దగా ఎత్తులో ఉండదు. డ్యూక్ వెనక సీటు వేరు ముక్క, చిన్నది, ఎత్తైనది. పెద్దవారు దాని మీద ఒకవైపు కూర్చుంటే జారతామన్న భయంతోనే ప్రయాణమంతా గడుపుతారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 123వ నియమం ప్రకారం వెనక కూర్చునేవారికి చేతిపట్టు, పాదం పెట్టుకునే చోటు, చక్రంలో బట్టలు చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలి. అందం కోసం చీర గార్డును విప్పించేవారు చాలామందే ఉన్నారు, అమ్మ ఎక్కే బండికి దాన్ని విప్పకండి. కొంగు, చున్నీ నడుముకు బిగించి కట్టుకున్నాకే బండి కదలాలి.

వెనక ఎవరైనా ఎక్కితే బండి తీరే మారిపోతోంది, హెడ్‌లైటు కూడా పైకి కొడుతోంది.

వెనక స్ప్రింగు ఎక్కువగా కుంగడం వల్ల ముందు భాగం లేస్తోంది. ప్రీలోడ్‌ను రెండు మూడు మెట్లు పెంచండి, ఈ సర్దుబాటు రెండు బండ్లలోనూ ఉంది. బండితో వచ్చిన పనిముట్లలోని కొక్కెం లాంటి స్పానరు ఇందుకే. టైర్లలో గాలిని కూడా ఇద్దరి బరువుకు కంపెనీ చెప్పిన మేరకు, బండి చల్లగా ఉన్నప్పుడు నింపించండి. ఒంటరిగా నడిపేటప్పుడు ప్రీలోడ్‌ను తిరిగి తగ్గించడం మరిచిపోతే సీటు ఎత్తుగా, బండి గట్టిగా అనిపిస్తుంది. వారంలో ఎక్కువ రోజులు ఇద్దరు ఎక్కేవారు మధ్యస్థంగా ఒక మెట్టు చూసుకుని అక్కడే వదిలేయవచ్చు.

బ్రేకు వేసినప్పుడల్లా మా ఆవిడ నా మీదికి జారుతోంది, హెల్మెట్లు ఢీకొంటున్నాయి.

డ్యూక్‌లో వెనక సీటు ఎత్తు వల్ల ఇది ఎక్కువ, స్పీడ్ 400లో తక్కువ. ఆమెను ఒక చేయి వెనక పట్టు మీద, ఒక చేయి మీ నడుము మీద ఉంచమనండి. రెండు చేతులూ మీ భుజాల మీద పెడితే ఆ బరువు కూడా మీ మణికట్లకే చేరుతుంది. ముందు బ్రేకును ఒక్కసారిగా కాక, మొదట మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కడం అలవాటు చేసుకోండి. అప్పటికీ కుదరకపోతే వెనక సీటుకు పట్టు ఎక్కువగా ఉండే బట్టతో కవరు కుట్టించండి, తిరుపతిలో సీట్లు కుట్టేవారు దాన్ని ఒక పూటలో చేసి ఇస్తారు.